మద్రాసు నంబరు కారు

మా ఊళ్ళో కారు నంబరు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. స్కూల్ ఫైనల్ రెండుసార్లు తప్పి ఇంటికొచ్చినవాడికి అంతకు మించిన గౌరవం ఇంకెక్కడ దొరుకుతుంది? అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మెడకు ఎర్ర తువాలు చుట్టుకొని తిరిగేవాణ్ణి. పొలం పని చెబితే కడుపునొప్పి వచ్చేది. కానీ బాటమీద దుమ్ము లేచిందంటే చాలు, ఊరంతా నాకోసం కేకలు పెట్టేది.

యుద్ధం అయిపోయినా యుద్ధం నాటి కరువు మాత్రం పోని రోజులవి. రైతు తిండికి ఇంతని వదిలిపెట్టి, మిగతా గింజలన్నీ గవర్నమెంటు తాను చెప్పిన ధరకు పట్టుకుపోయేది. మాది ముప్పాళ్ళకు దగ్గర మెట్ట ఊరు, జొన్న తప్ప పెద్దగా పండేది లేదు. ఆ జొన్నల్ని పాతరల్లో దాచేవాళ్ళం. నేలలో లోతుగా తవ్విన గోతిలో గింజలు పోసి, మూతి మూసి, పైన పేడ తట్టలు కుమ్మరించి, పక్కన గేదెను కట్టేస్తే ఎంత తెలివైన ఆఫీసరుకైనా గేదే కనపడుతుంది. చిక్కల్లా పాతర తెరిచిన రోజునే. బెజవాడ వర్తకులు చాటుగా కొనడానికి వస్తారంటే ముందే బస్తాలు పైకి తీసి ఉంచాలి. ఆ సమయంలో వస్తున్న కారు ఎవరిదో ఊరికి ముందుగా తెలియాలి.

నంబరు పలకల సంగతి నాకు నేర్పింది నరసరావుపేటలో బొగ్గుతో నడిచే బస్సులు బాగుచేసే ఒక సాయిబు. చదువు పేరుతో పేటలో ఉన్న రోజుల్లో బడిలోకన్నా ఆయన షెడ్డులోనే ఎక్కువ కూర్చున్నాను. పలకల మీద అంకెలు రంగుతో రాసేది కూడా ఆయనే. మన రాజధాని మద్రాసు కాబట్టి మన వైపు బళ్ళన్నిటికీ మొదటి అక్షరం ఎమ్మే. అసలు సంగతి తరువాతి అక్షరాల్లో ఉంటుంది. గుంటూరు జిల్లాకు ఒకటి, కృష్ణా జిల్లాకు ఒకటి, మద్రాసు పట్నానికి ఇంకొకటి. ఏటి అవతల నైజాం బండైతే హెచ్‌తో మొదలవుతుంది. “ఇది బండిని మొదట రాయించిన ఊరు బాబూ. అమ్ముకున్నాక అది యాడ తిరుగుద్దో, ఎవురు కూచుంటారో దీంట్లో ఉండదు,” అన్నాడాయన. మొదటి మాట ఒంటబట్టించుకున్నాను, రెండోది అక్కడే వదిలేశాను. ఆ అక్షరాలేవో ఇప్పుడు రాయను. రాష్ట్రాలు మారాయి, పలకలు మారాయి, అవి మీకెందుకూ పనికిరావు.

ఊరు నా చదువును బాగానే వాడుకుంది. గుంటూరు నంబరైతే తెలిసినవాళ్ళ కారు, పోనివ్వాలి. కృష్ణా నంబరైతే బెజవాడ వర్తకులు, మజ్జిగిచ్చి కూర్చోబెట్టాలి. మద్రాసు నంబరైతే పైనుంచి దిగిన తనిఖీవాళ్ళు. నేను వాగు పక్కన మొరం దిబ్బ మీద కాపు కాసేవాణ్ణి. వాగులో దిగాలంటే ఏ కారైనా నెమ్మదించక తప్పదు. మద్రాసుదైతే తువాలు ఊపేవాణ్ణి. ఊరి మొదట్లో ఎడ్లబండికి చక్రం ఊడదీసి బాటకు అడ్డంగా పడేసేవాళ్ళు. వచ్చినవాళ్ళతో మా పెదనాన్న మహా మర్యాదగా అబద్ధాలాడుతుంటే, ఈలోగా ఇళ్ళలో బస్తాలు మాయమయ్యేవి. ఒకసారి తనిఖీవాళ్ళు పెళ్ళిచూపులకొచ్చామని ఊళ్ళో దూరి, తాంబూలాలు పుచ్చుకొని మరీ నాలుగిళ్ళ గింజలు ఎత్తుకుపోయారు. ఆనాటినుంచి మద్రాసు నంబరు కారులో దిగినవాళ్ళు ఏం చెప్పినా నమ్మకూడదని ఊరు తీర్మానించుకుంది.

ఆ ఎండాకాలంలో మా వదినకు తొలి కాన్పు. నొప్పులు మొదలై రెండు రోజులైనా బిడ్డ బయటపడలేదు. మంత్రసాని చేతులెత్తేసింది. అమ్మానాన్నా లేని ఆ ఇంట్లో నాకు వేళకింత అన్నం పెట్టింది వదినే. రెండోసారి పరీక్ష తప్పినప్పుడు అన్న కర్ర ఎత్తితే నాకు అడ్డం నిలబడి ఆ దెబ్బ తాను తిన్నది. ఆమె బతకాలంటే డాక్టరు రావాలి. తెల్లవారుజామునే అన్న బండి కట్టుకొని నరసరావుపేటకు బయలుదేరాడు. అక్కడికి కొత్తగా ఒక లేడీ డాక్టరు వచ్చిందని విన్నాం. అదే రోజు బెజవాడ వర్తకులు వస్తామన్నారు, మా పాతర తెరిచి ఉంది, పన్నెండు బస్తాలు వసారాలో ఉన్నాయి. బయలుదేరేముందు అన్న నాతో చెప్పింది వదిన గురించి కాదు.

“దిబ్బ మీంచి కదలమాక,” అన్నాడు.

పొద్దు బాగా ఎక్కాక దుమ్ము లేచింది. నల్ల కారు వాగులో నెమ్మదించింది. మద్రాసు నంబరు. ముందు సీట్లో ఖాకీ చొక్కా డ్రైవరు కనపడ్డాడు. వెనక ఎవరున్నారో నేను చూడలేదు, చూడాలనిపించలేదు. నిజం చెప్పాలంటే నాకు సంబరమేసింది. తువాలు గిరగిరా తిప్పి, అడ్డదారిన ఇంటికి పరుగెత్తాను.

బస్తాలు ఎక్కడ దాచాలి? పాతరలోకి దించే వ్యవధి లేదు. పురిటి గదిలోకి ఏ ఆఫీసరూ అడుగుపెట్టడని నాకు తోచింది. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇద్దరు పాలేళ్ళను పిలిచి బస్తాలన్నీ ఆ గదిలోకి ఈడ్పించాను. నాలుగు మంచం కిందికి తోశాం, మిగతావి గోడవారగా పేర్చాం. దుమ్ముకు మంత్రసాని దగ్గుతోంది. వదిన కళ్ళు తెరిచింది.

“ఏందబ్బాయ్ ఆ చప్పుడు? డాక్టరమ్మొచ్చిందా?”

“కాదొదినా, మద్రాసు కారు.”

“అయితే తలుపెయ్యి,” అంది.

కాసేపటికి పెదనాన్న నవ్వుకుంటూ మా వసారాలోకి వచ్చాడు. చేతిలో ఒక పాలపొడి డబ్బా ఉంది.

“ఈసారి ఆడమనిషిని పంపార్రా! మీ ఇంటో కాన్పు చెయ్యటానికొచ్చిందంట. ఆ సంగతి వాళ్ళకెట్టా తెలిసిందో, మన ఊరోడే ఎవడో చెప్పుంటాడు. నేనేం తక్కువ తిన్నానా? తెల్లారేతలికే మగపిల్లోడు పుట్టాడమ్మా, తల్లీబిడ్డా చల్లగా ఉన్నారని చెప్పా. చానా సంబరపడిందిలే! ఇది తల్లికి కలిపియ్యమని చెప్పి కారు తిప్పుకొని పోయింది. వేషం మాత్రం బాగా కట్టింది.”

నేనూ నవ్వాను. పాలేళ్ళు నవ్వారు. మేం ఎదురుచూస్తున్నది అన్న ఎడ్లబండి కోసం, అందులో కూర్చొని వచ్చే డాక్టరు కోసం. మా నవ్వులు మూసిన తలుపు దాటి ఆ గదిలోకి వినపడే ఉంటాయి.

ఇంకో గంటకు అన్న ఒంటరిగా బండి తోలుకొచ్చాడు. గడప ఎక్కుతూనే, “ఏం చెప్పింది డాక్టరమ్మ?” అన్నాడు. ఆవిడ మద్రాసులో కొనుక్కున్న కారుతోనే నరసరావుపేట చేరిందట. కారెక్కమని అన్నను కూడా పిలిచిందట. కొత్తగా కొన్న ఎడ్లను పరాయిచోట వదలడానికి మనసొప్పక, దారి చెప్పి ఆమెను ముందు పంపాడు. నంబరు పలక సంగతి ఆయనకు తట్టనే లేదు. తిరిగి పోతున్న ఆ కారు దారిలో దుమ్ము లేపుకుంటూ తనను దాటిపోతే, కాన్పు అయిపోయిందనుకున్నాడట.

ఆమెను ఊరి మొదట్లోంచే తిప్పి పంపామని పాలేరొకడు చెప్పాడు. పెదనాన్న డబ్బా అరుగు మీద పెట్టి, చెప్పులేసుకొని వెళ్ళిపోయాడు. డాక్టరమ్మను వెనక్కి తేవడానికి అన్న మళ్ళీ బండెక్కి నిలబడి ఎడ్లను కొట్టాడు. ముప్పాళ్ళ దాటకముందే వెనకనుంచి మనిషి పరుగెత్తి ఆయన్ను ఆపాడు. వదిన పోయింది, బిడ్డ కడుపులోనే పోయింది. గదిలో దారి లేక, ఆమెను బయటికి తేవడానికి రెండు బస్తాలు పక్కకు జరపాల్సి వచ్చింది.

తప్పు ఎవరిదో ఊరే తేల్చింది. “ఆడదానికి కారెందుకు? అందరిమల్లే ఎడ్లబండిలో వస్తే పోయేదా?” అన్నారు. నా పేరు గానీ పెదనాన్న పేరు గానీ ఎవరి నోటా రాలేదు. నన్ను కాపాడాలని కాదు, నాతో వాళ్ళకు ఇంకా పని ఉంది. నా చేతులతో నేను ఆమెను చంపాననే నా నమ్మకం, నేటికీ. అన్న నన్ను చావగొడితే బాగుండునని పది రోజులు ఎదురుచూశాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు, మాట్లాడలేదు.

పదోరోజున చుట్టాలంతా వాకిట్లో భోజనాలకు కూర్చున్నారు. బాటమీద దుమ్ము లేచిందని ఎవరో కేకేశారు. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళంతా తలలెత్తి నావైపు చూశారు. నేను లేవలేదు. అన్నవైపు చూశాను. వద్దంటాడని, ఆ ఒక్క మాటా అంటే చాలునని చూశాను.

పది రోజుల్లో మొదటిసారి ఆయన నాతో మాట్లాడాడు.

“ఏంది కూచున్నావ్? లెగువ్. బస్తాలు ఇంకా ఆ గదిలోనే ఉన్నయ్.”

నేను లేచి దిబ్బవైపు నడిచాను.