ఏనూ ఆగిల్ల

ఆయన పేరు నేనడగలేదు. విమానం నడపడం నేర్పే మాస్టరని మాత్రం తెలిసింది. కరువులో మాకు దక్కిన పంట అదొక్కటే, అరసికెరె ఊరి పక్క చేనులోని వేరుశనగ. కాయ పట్టే ఊడలు మట్టిలోకి దిగే వేళకు ఆయన చిన్న విమానం దాని మీద పడి, వేరుశనగ చెట్లను పెళ్లగించుకుంటూ పోయి గట్టుకు గుద్దుకుంది.

ఆయన దిగి, ముందు శిష్యుడి కాళ్లూ చేతులూ తడిమి చూశాడు. తర్వాత విమానం రెక్క తడిమాడు. "ఏనూ ఆగిల్ల" అన్నాడు. కన్నడంలో ఏమీ కాలేదని. నేనిచ్చిన నీళ్లు తాగి, నాకు ధైర్యం చెబుతున్నట్టు మళ్లీ అదే మాట అన్నాడు.

"నీ బూట్ల కింద ఏముండాదో చూడు సామీ" అన్నాను.

కాలెత్తి, మట్టి దులుపుకుని, మళ్లీ చెట్ల మీదే పెట్టాడు.

విమానం చూడటానికి నిడుగల్లు నుంచి కూడా జనం వచ్చి, మిగిలిన చేనంతా తొక్కారు. రెక్క ముట్టుకున్నవాళ్లను మాత్రం ఆయన అదిలించాడు.

సాయంత్రం మా మామ సంత నుంచి వచ్చి, చేను చూసి గట్టు మీద కూలబడ్డాడు.

"ఏమైందమ్మా ఈడ?"

"ఏనూ ఆగిల్లంట మామా" అన్నాను.