కప్పబండి మేస్త్రీ

పోయిన మంగళవారం మెకానిక్ మేస్త్రీ కన్నుమూశాడు. నర్సీపట్నంలో మా ఇంటికి నాలుగిళ్ల అవతలే ఆయన ఇల్లూ, షెడ్డూ. కబురు మాత్రం నాకు మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర తెలిసింది. అంత దగ్గర మనిషి పోతే అంత ఆలస్యంగా తెలియడానికి కారణం నేనే. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చర్చిలో సంతాప సభ పెట్టారు. మేమిద్దరం పనిచేసిన వైద్య సేవా సంస్థ పాత అధ్యక్షుడు వచ్చి "గొప్ప పనిమంతుడు" అన్నాడు. ఆ పనిమంతుణ్ణి తన ఎదుట కుర్చీలో కూర్చోమనడం నేనెన్నడూ చూడలేదు. పనిలోంచి తీసేసిందీ అతనే. ఆ సంగతి ప్రసంగంలో రాలేదు. నా సంగతీ రాలేదు.

ఆ సంస్థలో నేను స్టోర్‌కీపర్ని. వానాకాలం రిజర్వాయర్ నిండితే అవతలి కొండ గూడేలకు దారి ఉండదు. అందుకని నేల మీద నడిచి నీళ్ల మీద తేలే ఎనిమిది చక్రాల చిన్న బండి ఒకటి ఉండేది. గూడేల వాళ్లు దానికి కప్పబండి అని పేరు పెట్టారు. దాన్ని నడిపేదీ, బాగుచేసేదీ మేస్త్రీయే.

పాత బండిది కార్బురేటర్ ఇంజను. చిన్న గిన్నెలో పెట్రోలు నిలిచి, గాలితో కలిసి లోపలికి పోతుంది. బండి ఏటవాలు గట్టు ఎక్కేటప్పుడు గిన్నెలో పెట్రోలు ఒక పక్కకు ఒరిగి ఇంజను దగ్గేది, ఒక్కోసారి ఆగేది. నేను పుస్తకాలు తిరగేసి, కొత్త బండి కొంటే ఫ్యూయల్ ఇంజెక్షన్‌దే కొనాలని నాలుగు పేజీల నోటు రాశాను. అందులో పెట్రోలును కొలిచి చిమ్మేది కంప్యూటర్. బండి ఎంత ఒరిగినా దానికి పట్టదు. సంస్థ అదే కొన్నది.

సాయంత్రాలు షెడ్డులో మాకు ఇదే తగువు.

"గట్టెక్కినప్పుడు మీ ఇంజనే గొప్పది బాబూ, కాదన్ను," అనేవాడు. "నీళ్ల మజ్జిలో ఆగిపోతే మరేటి? కార్బురేటరైతే కిందున్న స్క్రూ ఇప్పి, నీళ్లొగ్గీసి, మళ్లీ బిగించీగల్ను. మీదాన్ని ఇప్పాలంటే ఇశాపట్నం ఎల్లాల."

"ఎందుకాగుతుందయ్యా? ఫిల్టరుంది కదా."

"ఉన్నాది. మీ పుస్తకంలో వాన కురవదు కదేటి!"



ఆయనకొక అలవాటు. ప్రతి డబ్బా అడుగు నుంచి కాస్త పెట్రోలు గాజు సీసాలోకి తీసి, పది నిమిషాలు కదపకుండా ఉంచి, వెలుతురుకు ఎత్తి చూసేవాడు. నీరుంటే అడుగున పూసలా చేరుతుంది. కొత్త బండి వచ్చాక కూడా ఆ సీసా మానలేదు. నాకది నా ఇంజనును అనుమానించినట్టు ఉండేది.

ఒక వానాకాలం ఉదయం రిజర్వాయర్ గట్టున టీకాల పెట్టెతో నర్సమ్మ బండెక్కింది. ముందురోజు గాలివానకు పెట్రోలు డబ్బాల మీద టార్పాలిన్ జారిపోయి ఉంది. మేస్త్రీ చక్రాల దగ్గర పనిలో ఉన్నాడు.

"సీసా సూసీసేరా బాబూ?" అని అక్కణ్ణించే అడిగాడు.

"చూశాలేవయ్యా, బేగి కానీ," అన్నాను. చూడలేదు. డబ్బా ఎత్తి పోసేశాను.

నీళ్ల మధ్యకు చేరాక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. గాలి బండిని పక్కకు తోసుకుపోయింది. చేపల వాళ్లు పడవ వేసుకెళ్లి, తాడు కట్టి లాక్కొచ్చేదాకా నర్సమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని, విప్పడానికి వీల్లేని నా ఇంజను ముందు కూర్చున్నాడు. నేను గట్టున నిలబడి చూశాను. ఆ రోజు గూడేనికి టీకాలు చేరలేదు.

పెట్రోలు ఎవరు చూడాలని అధ్యక్షుడు అడిగాడు. "మెకానిక్ చూడాలి," అన్నాను. అలాగే రాసిచ్చాను. అక్షరాలా అందులో అబద్ధం లేదు. చదువుకున్నవాడి నేర్పు అదే. మేస్త్రీని పిలిపించారు. ఆయన నావైపు ఒక్కసారి చూశాడు.

"నానే సూడాల సార్. ఇంకొకల కళ్లతో సీసా సూడకూడదు. తప్పు నాదే."

ఆ వారమే పని పోయింది. ఆ తర్వాత నేను షెడ్డు గడప తొక్కలేదు. ఎనిమిదేళ్లు దారి మార్చుకుని నడిచాను. ఈ ఊళ్లో నాతో తగువుపడేవాడు ఇంకొకడు లేడు. పుస్తకాలు ఎదురు చెప్పవు.

"కప్పబండిని ముంచబోయిన మేస్త్రీ" అన్న పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఆ పేరు పెట్టి నవ్వినవాళ్లే మొన్న దండలు తెచ్చారు. వాళ్లకు చెబుతున్నాను, వినండి. నీళ్లు కలిసిన పెట్రోలు పోసింది నేను. సీసా చూశానని అబద్ధమాడింది నేను.

సభ అయ్యాక షెడ్డు ముందు కూర్చున్న ఆయన భార్యకు ఇదే చెప్పాను.

"తెల్సు బాబూ," అంది. "ఆ రోజే సెప్పేరు. ఎవులికీ సెప్పొద్దన్నారు. 'ఆయనకి మనిల్లు తప్ప ఎల్లడానికి ఇంకో ఇల్లు లేదే, ఇది బయటికొస్తే సిగ్గుతో రావడం మానీగలరు' అన్నారు."

షెడ్డు గడప వైపు చూసి, "మీరెలాగూ మానీసేరు," అంది.

షెడ్డులోకి వెళ్లాను. రోలుగుంట రైతెవరిదో పాత మోపెడ్ ఉంది. దాని కార్బురేటర్ విప్పి, ముక్కలన్నీ దినపత్రిక మీద వరసగా పరిచి ఉన్నాయి. గిన్నె, ఫ్లోటు, సూది, జెట్టు. అన్నిటి పేర్లూ నాకు తెలుసు. ఏది ముందు బిగించాలో తెలియదు. గాలికి కాగితం అంచు లేస్తోంది. దాని మీద చెయ్యి పెట్టి, ఆ రైతు వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.