కిటికీ సీట్లో మనిషి

నాచారంలో నాగోల్ బస్సెక్కాను. కాలు పెట్టే సందు లేదు. అంత రద్దీలోనూ ఒక నడివయసు ఆమె పక్కన కిటికీ సీటు ఖాళీగా ఉంది. సీటు మీద పెద్ద ఎక్స్‌రే కవరు పెట్టి ఉంది.

"అది జర తియ్యమ్మా, కూసుంట," అన్నాను.

"మనిషున్నడు," అంది.

నాకు ఒళ్లు మండింది. ఇంతలో కండక్టర్ వచ్చాడు. ఆమె ఆధార్ చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ తీసుకుంది. తర్వాత కొంగుముడి విప్పి చిల్లర తీసి, "మా ఆయనకొకటి," అంది. కండక్టర్ ఖాళీ సీటు వంక చూసి టికెట్ కొట్టిచ్చాడు.

"ఎవరున్నరమ్మా అండ్ల?" అన్నాను.

ఆమె కవరులోంచి ఫిల్మ్ తీసి కిటికీకి ఆనించింది. పక్కటెముకల మధ్య పిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు. వాటి వెనక ఫ్యాక్టరీ గోడలు కదిలిపోతున్నాయి.

"రాళ్లపొడి మిల్లుల జేసిండు. ఆ దుమ్మంత గిండ్లనే ఉంది, సూడు. నష్టపరిహారం కేసేస్తే ఆఫీసోళ్లు మనిషిని తోల్కరమ్మన్నరు. సచ్చిపోయి ఏడాదైందని జెప్పిన. అయినా మళ్ల గదే కాయితమొచ్చింది, మనిషే రావాలెనని. గందుకే తోల్కపోతున్న."

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఆమె కవరును రెండు చేతులా పట్టుకుని లేచింది.

"మెల్లగ దిగు, ఆయాసమొస్తది," అంది. నాతో కాదు.

వాళ్లు దిగాక, కూర్చుందామని కిటికీ సీటు మీద చెయ్యి వేశాను. రెక్సిన్ వెచ్చగా ఉంది.

నాగోల్ దాకా నిలబడే వెళ్లాను.