బ్యాట్ విసిరేసిన అమ్మాయికి రెండు మార్కులు

నేను జీవితంలో చేసిన వెధవ పనులన్నీ వరసలో నిలబెడితే ఆ వరస సింగపూర్ సెరంగూన్‌లో మొదలై చాంగీ విమానాశ్రయం దాకా పోతుంది. చాలావాటికి సాక్షులు లేరు కాబట్టి నేను ఒప్పుకోను. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం ఒక ఆఫీసు ఆఫీసంతా సాక్ష్యం. సాక్షాత్తూ అమెరికావాడికి బేస్‌బాల్ జట్టు ఏరిపెట్టిన తెలుగువాణ్ణి నేనే. అప్పుడే నవ్వకండి, దాచుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

వై-టూ-కే రోజులవి. కంప్యూటర్ ముందు కూర్చుని తుమ్మినవాడికల్లా ఉద్యోగం ఇస్తున్న కాలం. నేనూ తుమ్మాను. సింగపూర్ సైన్స్ పార్క్‌లో ఒక కంపెనీలో వచ్చి పడ్డాను. ఆరు నెలల ప్రొబేషన్. కన్ఫర్మ్ అయితే సింగపూర్, కాకపోతే వర్క్ పాసు రద్దు, పెట్టె సర్దుకుని తణుకు. అక్కడ నాకు పిల్లనిద్దామనుకుంటున్న పెద్దమనిషి కూడా "అబ్బాయి పర్మినెంట్ అయ్యాక కబురు చెయ్యండి" అని జాతకం వెనక్కి పట్టుకుపోయాడు. అంటే నా ఉద్యోగం, నా పెళ్ళి రెండూ ఒకే మనిషి సంతకం మీద వేలాడుతున్నాయి. ఆ మనిషి మా మేనేజరు గ్రెగ్.

గ్రెగ్ అమెరికన్. మంచివాడు. బేస్‌బాల్ అంటే ప్రాణం పెట్టేస్తాడు. ఓ రోజు నా రెజ్యూమె చేత్తో పట్టుకుని, మొహం వెలిగిపోతూ నా సీటు దగ్గరికి వచ్చాడు.

"మూర్తీ, నువ్వు బేస్‌బాల్ ఆడతావా?"

ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి. ఆ రోజుల్లో అమీర్‌పేటలో తయారయ్యే రెజ్యూమెలన్నీ ఒకే తల్లి పిల్లలు. ఎవడి ఫ్లాపీలోదో ఒక నమూనా తెచ్చుకుని, పైన పేరు మార్చి ప్రింటు తీసుకునేవాళ్ళం. నాకు దొరికిన నమూనా తాలూకు మహానుభావుడి హాబీల్లో బేస్‌బాల్ ఉంది. తీసేస్తే పేజీ కింద బోసిగా కనిపిస్తోందని ఉంచేశాను. అంతకు మించి ఆ ఆటకీ నాకూ ఏ చుట్టరికమూ లేదు.

నిజం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణాన్ని నేను "ఎస్ సార్" అనడానికి వాడుకున్నాను.

"ఏ పొజిషన్‌లో?"

"అన్నిట్లో సార్."

"అన్నిట్లోనా?"

"చిన్న ఊరు కదా సార్, మనుషులు తక్కువ."

గ్రెగ్ నన్ను దాదాపు కౌగిలించుకున్నాడు. మా కంపెనీకీ పక్క బిల్డింగ్ కంపెనీకీ ఏటా ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఉంటుందట. దానికి ముందు నాలుగు శనివారాలు సాధన. వాళ్ళ దేశంలో వసంతకాలంలో ఇలాగే జట్లన్నీ కూడి, కొత్తవాళ్ళని పరీక్షించి, ఎవర్ని ఉంచాలో ఎవర్ని పంపాలో తేలుస్తారట. అందుకని ఆయన దీన్నీ 'స్ప్రింగ్ ట్రైనింగ్' అనేవాడు. సింగపూర్‌లో వసంతం ఎక్కడిదండీ? ఉన్నవి రెండే ఋతువులు, ఏసీ లోపల, ఏసీ బయట. కానీ ప్రొబేషన్‌లో ఉన్నవాడికి మేనేజరు ఏ ఋతువంటే అదే ఋతువు.

"నేను నెల రోజులు హెడ్డాఫీసుకి వెళ్తున్నాను" అన్నాడు గ్రెగ్. "ఇరవై రెండు మంది పేర్లిచ్చారు. పద్నాలుగు మంది కావాలి. కొత్తవాళ్ళలో ఎవరిలో సరుకుందో కనిపెట్టడం, ఆఖరి చోటుకి ఇద్దరు పోటీ పడితే ఎవర్ని ఉంచాలో తేల్చడం, అసలైన ఆట అదీ. నీకు మనుషుల్ని అంచనా వేసే కన్నుందో లేదో చూస్తాను. తిరిగొచ్చాక నీ కన్ఫర్మేషన్ మాట్లాడుకుందాం."

సాయంత్రం ఫ్లాట్‌కి వెళ్ళేసరికి నా రూమ్మేటు ప్రసాదు పప్పు తాలింపు పెడుతున్నాడు. వాడిది తాడేపల్లిగూడెం. ఆఫీసులో నా పక్క సీటు కూడా వాడే.

"ఒరే ప్రసాదూ, బేస్‌బాల్ అంటే ఏంట్రా?"

"క్రికెట్టేరా. వికెట్లు కొనడానికి డబ్బుల్లేనోళ్ళు ఆడుకుంటారు."

"నీకెలా తెలుసు?"

"తెలిసేదేముందిరా? బంతుంది, బ్యాటుంది. ఇంకేం కావాలంట?"

నాకు ఎక్కడ లేని ధైర్యం వచ్చింది. క్రికెట్ అయితే నేను పుట్టుకతోనే పండితుణ్ణి. ఆడటం రాదు కానీ, టీవీ ముందు కూర్చుని ఎంతమంది బ్యాట్స్‌మన్లకి తప్పులు దిద్దానో లెక్కే లేదు.

"అయితే ఆ జట్టులో నాకో చోటు" అంటూ ప్రసాదు నా ముందు ఒక టిష్యూ పాకెట్ పెట్టాడు. ఇక్కడ హాకర్ సెంటరనే తిండి కొట్ల సముదాయంలో బల్ల మీద టిష్యూ పాకెట్ పెడితే ఆ కుర్చీ మనదైపోతుంది, చోప్ చెయ్యడం అంటారు. వాడు ఏకంగా జట్టునే చోప్ చేశాడు.

ఆదివారమంతా కూర్చుని ఎక్సెల్‌లో మార్కుల పట్టిక తయారు చేశాను. ఓపిక, నిలకడ, క్రమశిక్షణ, బంతిని నేల మీద ఉంచడం, పనిముట్టు పట్ల గౌరవం. ఒక్కోదానికీ ఒక్కో రంగు. అంత అందమైన పట్టికలో తప్పులుంటాయని ఎవరనుకుంటారు? మా ప్రాజెక్టు ప్లాన్లు కూడా అలాగే ఉండేవి.

మొదటి శనివారం, ఆఫీసు దగ్గరి మైదానం. ముందుగా వచ్చింది మే లింగ్. మా రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి. స్కూల్లో నాలుగేళ్ళు సాఫ్ట్‌బాల్ ఆడానంది. ఇక్కడి స్కూళ్ళలో ఆడపిల్లలకి అది మామూలు ఆటని నాకేం తెలుసు? 'పాపం, ఫోన్లెత్తే పిల్ల' అనుకుని జాలిగా బంతి వేయించాను. ఆ పిల్ల ఒక్కటి పీకింది. బంతి చెట్ల మీంచి వెళ్ళి బస్టాపులో పడింది. ఆ వెంటనే బ్యాట్ అవతల పారేసి పరుగు లంకించుకుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. బంతి పోయినందుకు కాదు, బ్యాట్ పారేసినందుకు. మనం దసరాకి స్క్రూడ్రైవర్‌కి కూడా కుంకం బొట్టు పెట్టే జాతి.

"మే లింగ్, అలా విసిరెయ్యకూడదు. అన్నం పెట్టే పనిముట్టు అది."

"బ్యాట్ పట్టుకుని ఎవరైనా పరిగెడతారా? స్లో అయిపోతాం లా." ఇక్కడివాళ్ళు మాట చివర 'లా' తగిలించందే వదలరు.

"అయినా గౌరవం ఉండాలి."

"అది బ్యాట్ లా, మీ తాతగారు కాదు!"

పట్టికలో రాశాను: 'గాల్లోకి కొడుతోంది. క్యాచ్ ఇచ్చే దురలవాటు. బ్యాట్ పట్ల భక్తి శూన్యం. ఎదురు సమాధానం. పదికి రెండు.'

తర్వాత హిరోషి. ఒసాకా నుంచి వచ్చిన ఇంజనీరు. మైదానంలో అడుగుపెడుతూ వంగి దణ్ణం పెట్టాడు. నా మనసు కరిగి రెండు మార్కులు ముందే వేసేశాను. తీరా చూస్తే మనిషి పరిగెడుతూ పరిగెడుతూ, మూలనున్న బేస్ పలక దగ్గరికి రాగానే దభాల్న నేల మీద పడి జారుకుంటూ పోతున్నాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. లేచి బట్టలు దులుపుకుని నవ్వుతాడు కూడా. రాశాను: 'నిలకడ లేదు. కారణం లేకుండా పడిపోతున్నాడు. కంటి పరీక్ష అవసరం.'

ఇక ప్రసాదు. పన్నెండు బంతులొచ్చాయి. పన్నెండూ ముందుకాలేసి, బ్యాట్ నిటారుగా పెట్టి, పాదాల దగ్గరే పడుకోబెట్టాడు. ఒక్కసారి కూడా కదల్లేదు.

"పరిగెత్తవేం లా?" అని బయటినుంచి మే లింగ్ అరిచింది.

"పరుగు లేదు కదండీ, ఎందుకు పరిగెత్తడం?" అన్నాడు వాడు తొణక్కుండా.

ఎంత సంస్కారం! ఎంత నిబ్బరం! పదికి తొమ్మిది. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానంటే, పక్షపాతం అంటారని.

నాలుగో శనివారానికి పదమూడు మంది తేలారు. అందులో పదకొండుగురు గోదావరి జిల్లాల వాళ్ళు కావడం కేవలం యాదృచ్ఛికం. రూమ్మేటు కదా అంటారని ప్రసాదుని ఆఖరికి అట్టేపెట్టాను, మే లింగేమో ఒక్క శనివారం కూడా మానలేదు, అలా ఆఖరి చోటుకి వాళ్ళిద్దరూ మిగిలారు. నేను ధర్మరాజులా కళ్ళు మూసుకుని ఆలోచించాను. ఒకవైపు బస్టాపులు పగలగొట్టే మనిషి, ఇంకోవైపు రాత్రికి పప్పు వండే మనిషి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నారు, నేను పట్టిన కుందేలుకి అసలు పరుగే లేదు. అయినా ప్రసాదు పేరే రాశాను.

"ఏం తప్పు చేశాను?" అంది మే లింగ్. గొంతులో నవ్వు లేదు.

"టెక్నిక్ సరిదిద్దుకుంటే వచ్చే ఏడు చూద్దాం" అన్నాను. అవునండీ, ఆ మాట నేనే అన్నాను, ఈ నోటితోనే.

మ్యాచ్ రోజు పొద్దున గ్రెగ్ విమానం దిగి నేరుగా మైదానానికి వచ్చాడు. పక్క బిల్డింగ్ వాళ్ళు వరసగా బయటికొస్తున్నారు. వాళ్ళకి మనుషులు చాల్లేదట. స్నేహపూర్వక మ్యాచే కదా అని, ఖాళీగా ఉన్న మా ఎనిమిదిమందినీ అడిగి తెచ్చుకున్నారట. ముందు మే లింగ్, ఆ వెనక హిరోషి. నేను తీసేసినవాళ్ళంతా వాళ్ళ టోపీలు పెట్టుకుని నాకు చెయ్యూపారు.

"ఆ అమ్మాయి మన రిసెప్షనిస్టు కదూ?" అన్నాడు గ్రెగ్.

"బలహీనమైన కాండిడేట్ సార్. వదిలించుకున్నాం."

మే లింగ్ మొదటి బంతినే చెట్ల అవతలికి పంపింది. ఆ తర్వాత పరిగెత్తకుండా, బ్యాట్‌ని రెండు చేతుల్తో మెల్లగా నేల మీద పడుకోబెట్టి, కళ్ళకద్దుకుని, నా వైపు చూసి దణ్ణం పెట్టి అప్పుడు బయల్దేరింది. హిరోషి మూలమూలకీ పాములా జారాడు. జారినప్పుడల్లా గ్రెగ్ తనని తాను మరిచిపోయి అవతలి జట్టుకి చప్పట్లు కొట్టాడు.

మా వంతుల్లో వరసగా ఎనిమిది మంది బంతిని పాదాల దగ్గరే పడుకోబెట్టి, అక్కడే నిలబడి అవుటైపోయారు. "పరిగెత్తండి!" అని గ్రెగ్ గొంతు చించుకుంటున్నాడు. ఆ కేక ప్రసాదుకి తగిలింది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, బ్యాట్ చంకన పెట్టుకుని లంకించుకున్నాడు. ఎటు? మూల వైపు కాదు. నేరుగా బంతి వేసేవాడి మీదికి! అతను అదిరిపోయి పక్కకి దూకాడు. ప్రసాదు అక్కడ బ్యాట్ నేలకి తాటించి, గిరుక్కున తిరిగి, మళ్ళీ మొదటికొచ్చి చెయ్యెత్తి అరిచాడు.

"రెండు!"

అంపైర్ తన పుస్తకం తీసి చూసుకున్నాడు. నాకు మటుకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఆ నెల రోజుల్లో మేం మూలలు తిరగడం సాధన చెయ్యనేలేదు, ఎందుకంటే మావాళ్ళెవరూ అంతదూరం వెళ్ళలేదు.

పంతొమ్మిది, సున్నా. ఏది మాదో మీకు చెప్పక్కర్లేదు.

గ్రెగ్ మెల్లగా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పట్టిక అడిగాడు. ఇచ్చాను. పై నుంచి కిందికి చదివాడు. తర్వాత కింది నుంచి పైకి చదివాడు.

"మూర్తీ, నువ్వు నిజంగా బేస్‌బాల్ ఆడావా?"

"రెజ్యూమెలో ఆడాను సార్."

ఆయన పట్టిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అద్భుతం" అన్నాడు చివరికి. "ముప్ఫై ఏళ్ళుగా ఈ ఆట చూస్తున్నాను. ఇంత కచ్చితంగా తలకిందులుగా ఉన్న జాబితా ఎప్పుడూ చూళ్ళేదు. ఎనిమిది మంది ఉత్తములు, ఒక్కరు కూడా తప్పిపోకుండా అడుగున ఉన్నారు. సోమవారం నా గదికి రా."

మైదానం దాటుతుంటే మే లింగ్ ఎదురొచ్చింది. క్షమాపణ చెప్పబోయాను. నిజంగా సిగ్గేసింది.

"మొహం అలా పెట్టకు లా. పద, మకాన్ టైమ్" అని తిండికి లాక్కెళ్ళింది. ఆటగాళ్ళని ఏరడం రాకపోయినా, మంచివాళ్ళకి అన్యాయం చెయ్యడంలో నా గురి తప్పదని ఆ బల్ల దగ్గర కూర్చున్నాక తెలిసింది.

సోమవారం వెళ్తే గ్రెగ్ నన్ను పంపించలేదు. తన పక్కన కుర్చీ వేయించాడు. ఆ వారమంతా కొత్త ఉద్యోగాలకి ఇంటర్వ్యూలు. ఒక్కో మనిషీ బయటికి వెళ్ళగానే అడిగేవాడు.

"ఎలా ఉన్నాడు?"

"వజ్రం సార్! అన్నీ వచ్చంటున్నాడు. టై కూడా బాగుంది."

గ్రెగ్ ఆ పేరు కొట్టేసేవాడు.

"మరి ఇతను?"

"దండగ సార్. సగం ప్రశ్నలకి తెలీదు, కనుక్కుని చెప్తానంటున్నాడు."

"తీసుకుందాం" అని టిక్కు పెట్టేవాడు.

నాకు విషయం అర్థమవడానికి మూడు రోజులు పట్టింది. దిక్సూచి అస్తమానం దక్షిణమే చూపిస్తే దాన్ని పారెయ్యక్కర్లేదు, తిరగేసి పట్టుకుంటే చాలు. కంపెనీలో నా హోదా అది.

శుక్రవారం సాయంత్రం గ్రెగ్ ఆఖరి ఫైలు తెరిచాడు. లోపల నా ఫోటో. కింద కన్ఫర్మేషన్ కాగితం.

"ఈ మనిషి గురించి నీ అభిప్రాయం చెప్పు మూర్తీ. ఉంచుకోమంటావా?"

మంచివాడంటే పోయాను. తణుకు కనిపించింది. జాతకం చంకన పెట్టుకుని వెళ్ళిపోతున్న పెద్దమనిషి కనిపించాడు. లేచి నిలబడ్డాను.

"పనికిమాలినవాడు సార్."

"వివరంగా."

"రెజ్యూమె సాంతం అబద్ధం. పక్కవాడి కోడ్ చూసి, కామాలతో సహా దించేస్తాడు. మనుషుల్ని అంచనా వెయ్యడం అసలు రాదు. ఒక్కరోజు కూడా ఉంచుకోకండి సార్, కంపెనీ మునిగిపోతుంది!"

గ్రెగ్ మొహంలో ఒక్క గీత కదల్లేదు. సంతకం పెట్టేశాడు. చెయ్యి చాచాడు. "కన్ఫర్మ్‌డ్."

గంతులేస్తూ ఫ్లాట్‌కి వెళ్ళి ప్రసాదుకి మొత్తం చెప్పాను. వాడు గరిటె పక్కన పెట్టి, నా భుజం మీద చెయ్యేసి, ఎంతో ఆప్యాయంగా అన్నాడు.

"ఒరే, పుట్టి బుద్ధెరిగాక ఒకే ఒక్క మనిషిని సరిగ్గా అంచనా వేశావురా. పాపం ఆయన, దాన్ని కూడా తిరగేశాడు."

కాబట్టి ప్రజలారా, సకల దేవతల సాక్షిగా, ముఖ్యంగా పనిముట్ల దేవత సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవర్నీ అంచనా వెయ్యను, ఎవరికీ మార్కులివ్వను, ఎక్సెల్‌లో రంగులు వెయ్యను. కూరగాయల కొట్లో వంకాయలు కూడా మా ఆవిడే ఏరుతుంది. నేను సంచీ పట్టుకుని, ఆకాశంలోకి చూస్తూ నిలబడతాను. 'ఇది బాగుందా?' అని తను అడిగిందా, చచ్చినా నోరు విప్పను.