గంధం కింద చెవి

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున, హోసూరు బస్టాండులో కృష్ణగిరి బస్సెక్కి కూర్చున్నానో లేదో, వదిన ఫోన్ చేసింది. "పాపా, మామ పోయినాడు. కాఫీ తీసుకొని పోయి లేపితే లేయలేదు" అంది. ఆమెకు మామ, నాకు పెదనాయన. మా నాన్నకు సొంత అన్న. నేను ఆ పొద్దున బయల్దేరింది ఆయన్ని చూడడానికే. సంచిలో ఆయన కోసం ఒక అట్టముక్క పెట్టుకున్నాను. మా ఫ్యాక్టరీకి వచ్చిన ఒక పెట్టె నుంచి కత్తిరించిన ముక్క. దాని మీద ఒక చైనా అక్షరం, ఆ అక్షరంలో ఒక చెవి. మా ఇద్దరి మధ్య ఈ చెవుల వేట ఎలా మొదలైందో చెబితే తప్ప ఆయన ఎలాంటివాడో చెప్పినట్టు కాదు.

బర్గూరు చుట్టుపక్కల బడికి పునాదిరాయి వేసినా, ఎవరింట్లో పెద్దవాళ్ళు పోయినా, రాతి మీద పేరు చెక్కడానికి పెదనాయన దగ్గరికే వచ్చేవారు. తమిళం, తెలుగు, కన్నడం, ఇంగ్లీషు, ఏ లిపి ఇచ్చినా పొల్లు పోకుండా చెక్కేవాడు. చదవడం మాత్రం తమిళం ఒక్కటే, అదీ కూడబలుక్కుంటూ. తనకు రాని భాషను అంత చక్కగా ఎలా చెక్కుతావని అడిగితే నవ్వేవాడు. "చదివినోడు మరిచిపోతాడు పాపా. చెక్కినోడి చెయ్యి మరిచిపోదు" అనేవాడు. తర్వాత కంప్యూటర్‌తో అక్షరాలు చెక్కే మిషన్లు వచ్చాయి. ఉలి మూట కట్టి అటక మీద పెట్టి, బర్గూరు దగ్గరే ఒక గ్రానైట్ యూనిట్‌లో రాళ్ళు కోసే పనికి చేరాడు. ప్లస్ టూ అయ్యాక నేనూ అక్కడే, కోసిన బండల కొలతలు రాసే పనిలో చేరాను.

ఆ రాళ్ళు కోసే మిషన్, దాని పక్కదీ చైనా నుంచి చెక్కపెట్టెల్లో వచ్చాయి. పెదనాయన మిషన్ తిరగడం మొదలుపెడితే పక్కనున్న మనిషి పెదవులు కదలడమే తప్ప మాట వినిపించేది కాదు. దాని ఒంటి మీద ఒక పసుపురంగు రేకు, రేకు మీద ఆరు నల్లటి అక్షరాలు. అవేమిటో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. పెట్టెల్లో మిషన్‌తో పాటు వేలెడంత నారింజరంగు స్పాంజి ముక్కలు ఒక డబ్బా నిండా వచ్చాయి. అవేవో బిరడాలు అనుకుని మేము ఆయిల్ బుడ్లకు పెట్టుకున్నాం. బాగా పట్టాయి కూడా.

మొదటి ఆయుధపూజకు మిషన్‌కు బొట్టు పెట్టే పని నాకు అప్పజెప్పారు. యూనిట్‌లో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మిషనంతా రాతిబురద, ఆ పసుపు రేకు ఒక్కటే శుభ్రంగా ఉంది. అక్షరాలు చూస్తే ఏదో మంత్రంలా అనిపించింది. ఏ దేశపు మంత్రమైతే ఏమిటని, సరిగ్గా దాని మీదే గంధం దట్టంగా పూసి, నడుమ కుంకుమ పెట్టి, దండం పెట్టుకున్నాను. మరుసటేడు దాని మీదే ఇంకో పూత, ఆపై ఏడు ఇంకొకటి. నాలుగేళ్ళలో ఆ రేకు గోడకు అంటిన పిడకలా తయారైంది.

ఆ నాలుగేళ్ళలోనే పెదనాయనకు వినికిడి పోయింది. ఒక్కరోజులో పోలేదు. ముందు ఫోన్‌లో మాటలు పోయాయి, తర్వాత వదిన వంటింట్లోంచి వేసే కేకలు, ఆ తర్వాత మనవరాలి మాటలు. పెద్దతనం అనుకున్నాం. ఆయన మాత్రం దాన్ని కూడా ఒక పనిలా నేర్చుకున్నాడు. రాయి కోసేటప్పుడు అరచెయ్యి మిషన్ మీద ఆనించి, బ్లేడు సరిగ్గా నడుస్తోందో లేదో ఆ అదురును బట్టి చెప్పేవాడు. మనం మాట్లాడితే నోటి వైపే చూసేవాడు. నేను గట్టిగా మాట్లాడితే చెయ్యెత్తి ఆపేవాడు. "అరవొద్దు పాపా. అరిస్తే నోరు వంకర పోతాది, నాకు చదివేదానికి కాదు" అనేవాడు.

అయిదో ఏడు ఆయుధపూజకు ముందురోజు మిషన్ కడుగుతూ, పెదనాయన ఆ గంధం పెచ్చును ఉలితో గీకాడు. ఉలి పట్టినవాడు కనుక రేకుకు గీత పడకుండా పొర పొరగా తీశాడు. కింద ఆరు అక్షరాలు కొత్తవాటిలా మెరుస్తూ బయటపడ్డాయి. నన్ను పిలిచాడు.

"పాపా, ఈడ చూడు. మిగిలినవన్నీ ముళ్ళకంప మాదిరి ఉండాయి. ఇదొకటి చూడు, ఎంత నీటుగా ఉండాదో. ఏందిది?"

ఆయన వేలు పెట్టింది చివరి నుంచి రెండో అక్షరం మీద. పైన ఒక అడ్డగీత, దాన్నుంచి దిగిన రెండు కాళ్ళు, నడుమ రెండు మెట్లు, కింద మెట్టు పక్కకు సాగి ఉంది. ఒక కాలు పొట్టిగా ఉన్న నిచ్చెనలా ఉంది. ఫోన్ తీసి, కెమెరా పెడితే చెప్పేస్తుంది పెదనాయనా అన్నాను. ఆయన ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టాడు. "నీ ఫోన్ చెప్తే అది నీ ఫోన్‌కు వచ్చినట్టు. నాకు యాడ వస్తాది? ఉండు." నాకు ఒళ్ళు మండింది. నిమిషంలో తేలేదానికి ఇంత మంకుపట్టు ఏమిటనిపించింది. కానీ ఆయన మొండితనం ముందు ఇంట్లో ఎవరి మాటా నెగ్గేది కాదు.

అటక మీది ఉలి దిగింది. అరచేతి వెడల్పున్న నల్లరాయి పెచ్చు మీద ఆ అక్షరం చెక్కి, చొక్కా జేబులో వేసుకుని తిరిగాడు. టీ అంగడి ఆయన తలుపు అన్నాడు. బస్సు కండక్టరు, నిచ్చెన వేసుకుని ఎక్కమని రాసినారేమో అన్నాడు. కావేరిపట్టణంలో ఒక రిటైరైన మాస్టారు చాలాసేపు చూసి ఇల్లు అని తీర్పు చెప్పాడు. పెదనాయన అందరి మాటా విని, అంటే చూసి, తల అడ్డంగా ఊపేవాడు. "మిషన్‌కు ఇల్లెందుకప్పా?" అనేవాడు. ఆ రెండు నెలలు ఆయన ముఖంలో ఉన్న వెలుగు నేను అంతకు ముందు చూడలేదు. చెవులు పోయాక మనుషులు ఆయనతో మాట్లాడడం తగ్గించారు. ఆ రాయి తీస్తే చాలు, అందరూ చుట్టూ చేరేవారు.

ఆ తర్వాత మిషన్ రిపేరుకు చైనా నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. ఆయన మాటలు మాకు తమిళంలో చెప్పే మనిషి భోజనానికి వెళ్ళిన సమయం చూసి, పెదనాయన జేబులోంచి రాయి తీసి ముందు పెట్టాడు. మెకానిక్ రాయిని తిప్పి తిప్పి చూసి, మెచ్చుకోలుగా తలూపి, నవ్వుతూ తన చెవి పట్టుకున్నాడు.

పొద్దుటి నుంచి మిషన్ రెండుసార్లు ఆగిపోయింది. పాపం, తప్పయింది అంటున్నాడనుకున్నాడు మా పెదనాయన. తనూ చెవి పట్టుకుని, "పోనీలేప్పా, మిషనన్నాక నిలబడకుండా ఉంటాదా" అని ఓదార్చాడు. ఇద్దరూ ఎదురెదురుగా చెవులు పట్టుకుని నిలబడితే నేను పగలబడి నవ్వాను. మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. ఒక వేలు రాతి మీద పెట్టి, ఇంకో చేత్తో చెవి తమ్మె లాగి చూపించాడు. తర్వాత మిషన్ చూపించాడు, పసుపు రేకు చూపించాడు, రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకున్నాడు. అప్పుడే ఆయన చూపు ఆయిల్ బుడ్డి మీద పడింది. దాని నారింజరంగు బిరడా లాగి, తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని చూపించాడు.

నా నవ్వు ఆగిపోయింది. 耳. ఆ అక్షరానికి చెవి అని అర్థం. చెవులు మూసుకొని మిషన్ దగ్గరికి రమ్మని ఆ రేకు మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉంది. దాని మీద నాలుగేళ్ళు గంధం పూసింది నేను.

పది రోజులు ఆయనకు ముఖం చూపించలేకపోయాను. చివరికి ఒక మధ్యాహ్నం ఎదురుగా కూర్చుని, నోరు వంకర పోకుండా మెల్లగా చెప్పాను. "పెదనాయనా, గంధం పూసింది నేనే. నా వల్లే..." అక్కడికి ఏడుపొచ్చి నోరు వంకర పోనే పోయింది. అయినా ఆయనకు అర్థమైంది.

"నువ్వు పూయకుంటే మేం చదివేవాళ్ళమా? బుడ్లకు బిరడాలు పెట్టుకొన్న మొగాళ్ళము" అన్నాడు. మళ్ళీ తనే, "ఆ పక్క మిషన్ మీద రేకు చూసినావా? బురదకు అరిగిపోయి ఒక్క గీత మిగల్లేదు. నీ గంధం కింద ఉన్నందుకే ఇది నిలిచింది. లేకుంటే నేను దేన్ని చూసి నేర్చుకొందును?" అన్నాడు. నా మనసు తేలిక చేయడానికే అన్నాడని తెలుసు. కానీ వెళ్ళి చూశాను. పక్క మిషన్ రేకు నిజంగానే అరిగిపోయి ఉంది.

ఆ తర్వాత అడుగున్నర ఎత్తు బండ మీద ఆ ఒక్క అక్షరాన్నే చెక్కి మిషన్ స్విచ్ పక్కన నిలబెట్టాడు. కింద తమిళంలోనో తెలుగులోనో రాయమంటే వద్దన్నాడు. పనికి వచ్చేవాళ్ళలో ఒడిశావాళ్ళు, బీహారువాళ్ళు, అనంతపురంవాళ్ళు, అంచెట్టి నుంచి వచ్చినవాళ్ళు ఉండేవారు. కొత్తవాడు రాగానే రాయి చూపించి, చెవి పట్టుకుని చూపించేవాడు. అంతే పాఠం. ఎవరైనా చెవులు మూసుకోకుండా దగ్గరికొస్తే మెయిన్ స్విచ్ ఆపేసి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఓనరు మొత్తుకుంటే వినిపించనట్టు ఉండేవాడు. ఆ ఒక్క సుఖం తనకు మిగిలిందని నాతో అన్నాడు.

నేను హోసూరుకు మారాక కూడా చెవుల వేట ఆగలేదు. పెదనాయనకు ఒక చెక్కపెట్టె మీద ఇంకో పెద్ద అక్షరంలో ఎడమ పక్కన ఇదే చెవి కనిపించిందట. ఆ అక్షరం ఉన్న చెక్కముక్క నాకిచ్చి, ఈసారి ఫోన్‌ను అడగమన్నాడు. కలపడం అని వచ్చింది. "చెవి లేకుండా యాడ కలిసేది" అని తనలో తాను నవ్వుకున్నాడు. అప్పటి నుంచి మా ఫ్యాక్టరీకి ఏ పెట్టె వచ్చినా నా కళ్ళు చెవి కోసం వెతికేవి. చివరగా దొరికింది, ఆ అట్టముక్క మీదిది, తలుపు చట్రంలాంటి గీతల లోపల ఉన్న చెవి. దానికి అర్థం చూడలేదు. ఆయనతో కలిసి చూద్దామనుకున్నాను.

నేను వెళ్ళేసరికి పాడె సిద్ధమవుతోంది. అట్టముక్కను ఆయన చొక్కా జేబులో పెట్టాను. అందులో ఆ నల్లరాయి పెచ్చు అప్పటికే ఉంది. డప్పులు మొదలయ్యాయి, పాడె కదిలింది, వీధి మలుపులో టపాకాయల సరం అంటించారు. అప్పుడు చూశాను. ముందు నడుస్తున్న యూనిట్ మనుషులందరూ, ఇరవై మంది దాకా, ఒకరి తర్వాత ఒకరు జేబుల్లోంచి నారింజరంగు ముక్కలు తీసి చెవుల్లో పెట్టుకుంటున్నారు. శవం ముందు ఇదేం పని అని ఒక ముసలాయన కసిరాడు. ఆయన భాష రాని ఒక ఒడిశా మనిషి పాడె వైపు చూపించి, తన చెవి పట్టుకున్నాడు.

నాకూ ఒక జత ఇచ్చాడు. పెట్టుకున్నాను. డప్పు కొట్టేవాళ్ళ చేతులు లేస్తున్నాయి, పడుతున్నాయి. టపాకాయలు పొగలు చిమ్ముతూ ఎగురుతున్నాయి. వదిన నా వైపు తిరిగి ఏదో అడిగింది. నేను ఆమె నోటి వైపే చూస్తూ నిలబడ్డాను.