ఎనిమిదో పళ్లెం

ఈ రోజు ఉగాది. ధర్మవరంలో మా వీధి మగ్గాలన్నీ ఆగాయి. వీధి చివర ఒంటరిగా ఉండే నాగమ్మవ్వకు ఓళిగలు, అంటే బొబ్బట్లు, ఇచ్చొద్దామని వెళ్లాను. అప్పటికే ఏడిళ్ల నుంచి వచ్చిన పళ్లేలు మూత కూడా తీయకుండా వరుసగా ఉన్నాయి.

"నేనొక్కదాన్నే ఇన్ని యాడ తినేదప్పా? పనిదినాల్లో అయితే మగ్గానికి దారం కండెలు చుట్టేకి పిలుస్తారు. నలుగురితో మాట్లాడతా ఉంటా. పండగొస్తే పిలిచేవాళ్లే ఉండరు," అంది అవ్వ.

నాకు ఒళ్లు మండింది. పళ్లెం అక్కడ పెట్టి నేరుగా ఆమె పక్కింటి ఓబన్న దగ్గరికి పోయాను. వీధిలో ఉన్న ఒకే ఒక్క రేడియో ఆయనది. దాని చుట్టూ పదిమంది కూర్చుని ఉన్నారు. అవ్వను ఎందుకు పిలవలేదని నిలదీశాను.

"పండగ పూట గూడా ముసలామెతో పని చేయించమంటావా?" అన్నాడు, ఏదో మేలు చేసినట్టు.

"పనికి కాదబ్బా, తినేకి పిలవాల," అన్నాను.

"నువ్వు పిలిస్తివా?" అన్నాడు ఓబన్న.

నాది ఎనిమిదో పళ్లెం. కోపం ఇంకా తగ్గలేదు, కాకపోతే ఇప్పుడు సగం నా మీదే. మీ వీధిలోనూ ఇలాంటి అవ్వ ఉంటే, ఎన్ని పళ్లేలు పంపారో నాకు చెప్పొద్దు. ఈ రోజు ఆమె ఎవరి పక్కన కూర్చుని తిందో చెప్పండి.