ప్రార్థన చేయించిన కందులు

గోపాల్‌పేట నుంచి వనపర్తి వెళ్లే బస్సులో, ఒక ఆదివారం మధ్యాహ్నం, తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. ఒడిలో చిన్న మూట ఉంది. ముందురోజే మంచి వాన పడింది.

“ఇత్తనం కందులు సార్. చర్చిల ప్రార్థన చేయించిన, రేపు ఇత్తుత,” అంది. కూలికి బొంబాయి పోయి, తన చెలకను ఏళ్ల తరబడి బీడు పెట్టిందట.

“మరి ఇప్పుడెట్ల యాదికొచ్చిందమ్మా?”

“పాస్టరయ్య హోషేయ ప్రవక్త ముచ్చట చెప్పిండు. బీడు దున్నుండ్రి, దేవుని తట్టు తిరుగుండ్రి అన్నడట గాయన. అందరు గది మనసు గురించే అనుకున్నరు. నేనైతే పోయి ట్రాక్టరు మాట్లాడిన.”

నాకు నవ్వొచ్చింది. “మరి మనసు సంగతి?”

“చెలక దున్నినంక గది గూడ జర మెత్తవడ్డది,” అని ఆమె కూడా నవ్వింది. “మీకు భూమున్నదా సార్?”

“ఉన్నదమ్మా. బోరు ఎండినకాంచి బీడే.”

ఆమె మూట విప్పి, దోసెడు కందులు నా జేబురుమాల్లో పోసి, “మీ ఇత్తనాలల్ల కలుపుండ్రి,” అంది. మా ఇంట్లో అసలు విత్తనాలే లేవు. రుమాలు ముడివేసి జేబులో పెట్టుకున్నాను.

వనపర్తిలో దిగి, ఇంటికి పోయే ముందు విత్తనాల దుకాణానికి వెళ్లాను.

ఈ ఏడాది మేము కందిపప్పు కొనలేదు.